స్పానిష్ క్రియాకాలముల పునశ్చరణ : తెలుగు వ్యాకరణ దృష్టి

స్పానిష్ భాషను రెండుమూడేండ్లు చదివి మధ్యమశ్రేణి నందుకొనిన విద్యార్థుల వ్రాతలను పరిశీలించునప్పుడు ఒక విషయము స్పష్టముగా గోచరించును. వారికి క్రియారూపములు రాకపోలేదు. ‘మాటాడుట’ అను అర్థముగల ధాతువునకు ఏ కాలమున ఏ పురుషయందు ఏ రూపము వచ్చునో వారు వరుస తప్పక అప్పగింపగలరు. అయినను ‘నిన్న జరిగిన యొక సంగతిని పది వాక్యములలో వ్రాయుడు’ అనినంతనే వారి కలము తడబడును. ఒకే సంగతికి రెండు భూతరూపములు ఎదురై నిలుచును. వానిలో నేది గ్రాహ్యమో వారికి తోచదు. కావున మధ్యమదశలోని లోపము రూపజ్ఞానమునకు సంబంధించినది కాదు. రూపమును ఎన్నుకొనుటకు సంబంధించినది. అట్టి విద్యార్థిచేత మరల పట్టికలను వల్లెవేయించుట వలన ప్రయోజనము స్వల్పము.

హైదరాబాదునందలి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున స్పానిష్ బోధింపబడుచున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెరుగుచున్న తెలుగు పిల్లలలో పెక్కుమంది పాఠశాలలో రెండవ భాషగా దీనినే చేపట్టుచున్నారు. ఇచ్చటనైనను అచ్చటనైనను మనవారు స్పానిష్ వ్యాకరణమును సాధారణముగా ఆంగ్లము ద్వారముననే గ్రహించుచున్నారు. మేమును అట్లే నేర్చితిమి. ఈ మార్గమున నొక చిక్కు కలదు. స్పానిష్ భాష విడదీసిచెప్పు భేదములను కొన్నింటిని ఆంగ్లము ఒక్కటిగా కలిపివేయును. తెలుగు వానిని స్పానిష్ వలెనే విడదీయును. విద్యార్థి తన మాతృభాషలో నిత్యము పాటించుచున్న భేదమునే పరభాషలో అపూర్వవస్తువుగా భావించి కష్టపడుచున్నాడు. మఱికొన్ని తావులలో తెలుగే భేదములను కలిపివేయును. అచ్చట మాతృభాష తోడ్పడదు సరికదా, తప్పుదారి పట్టించును. మొదటి తావులేవో, రెండవ తావులేవో ఉపాధ్యాయుడు ముందుగా నెరిగి పునశ్చరణము నడపవలెననునదే ఈ వ్యాసమున మా ప్రతిపాదన.

లేఖనమును గూర్చి

స్పానిష్ పదములను తెలుగు లిపిలో వ్రాయుటకు మే మొక నియమము నవలంబించితిమి. స్పానిష్‌లో అచ్చులకు హ్రస్వదీర్ఘభేదము అర్థభేదకము కాదు. ఊనిక మాత్రము అర్థభేదకము. ఊనికగల అచ్చును దీర్ఘముగను, ఊనికలేని అచ్చును హ్రస్వముగను వ్రాయుచున్నాము. ఏకాక్షరపదములను వాడుక ననుసరించి వ్రాసితిమి. ఇందువలన నొక లాభము కలదు. ‘ఆబ్లొ’ అనగా ‘మాటాడుచున్నాను’. ‘అబ్లో’ అనగా ‘అతడు మాటాడెను’. ‘ఆబ్లె’ అనగా ‘మాటాడవలెనని’ యను వాంఛాదులను తెలుపు రూపము. ‘అబ్లే’ అనగా ‘నేను మాటాడితిని’. ఊనిక చోటు మారినంతనే కాలము, పురుష, అర్థము మారుచున్నవి. స్పానిష్ లిపిలో ఊనిక గుర్తును విద్యార్థి అలంకారమాత్రముగా నెంచి విడిచిపెట్టుచుండును. ఎ, ఒ లకు హ్రస్వదీర్ఘములు రెండును గల తెలుగు లిపిలో నీ భేదము కంటికి కట్టినట్లు కనబడును.

బెయొ కాలవ్యవస్థ

స్పానిష్ భాషకు ప్రథమ వ్యాకరణమును నెబ్రీహ 1492 లో ప్రకటించెను. స్పానిష్ రాజ అకాడమీ 1713 లో స్థాపితమై 1771 లో తన తొలి వ్యాకరణమును వెలువరించెను. అయినను కాలముల అంతర్వ్యవస్థను నిష్కర్షగా నిరూపించిన ఖ్యాతి ఆంద్రేస్ బెయొ అను పండితునిది. ఆయన 1781 లో కరాకస్ నగరమున జన్మించి, 1810 మొదలు 1829 వరకు లండనులో నివసించి, తరువాత చిలీ దేశమున స్థిరపడి, అచ్చటి విశ్వవిద్యాలయమునకు ప్రథమాధ్యక్షుడై 1865 లో పరమపదించెను. క్రియాకాలములను గూర్చిన ఆయన విమర్శనము 1841 లోను, అమెరికావాసుల కుద్దేశించిన వ్యాకరణము 1847 లోను వెలువడినవి. మన చిన్నయసూరి బాలవ్యాకరణమును రచించినదియు ఆ శతాబ్ది మధ్యభాగముననే.

బెయొ సిద్ధాంతము సులభము. పలుకు సమయమును కేంద్రముగా నుంచుకొనినచో క్రియ దానితో కూడ జరుగవచ్చును, దానికి ముందు జరుగవచ్చును, తరువాత జరుగవచ్చును. ఇవి వర్తమాన, భూత, భవిష్యత్తులు. కాని మాటలాడువాడు ఒక్కొక్కప్పుడు తన దృష్టిని వేఱొక సమయమున నిలిపి, అచ్చటినుండి క్రియను చూచును. ఆ రెండవ సమయమునకు పూర్వము, దానితో సహముగ, దాని కనంతరము అని మరల మూడు విధములు. ఈ సంబంధములను బెయొ ఉపసర్గలచేత తెలిపినాడు. ఆ పేళ్లను తెలుగున నిట్లు చెప్పుకొనవచ్చును.

వర్తమానము — ఆబ్లొ (మాటాడుచున్నాను).
భూతము — అబ్లే (మాటాడితిని).
భవిష్యత్తు — అబ్లరే (మాటాడెదను).
సహభూతము — అబ్లాబ (గడచిన యొక సమయమున మాటాడుచుంటిని).
అనంతరభూతము — అబ్లరీఅ (గడచిన సమయమునుండి చూడగా, అటుపిమ్మట మాటాడుట).
పూర్వవర్తమానము — ఏ అబ్లాదొ (మాటాడియున్నాను).
పూర్వసహభూతము — అబీఅ అబ్లాదొ (అప్పటికే మాటాడియుంటిని).
పూర్వభవిష్యత్తు — అబ్రే అబ్లాదొ (అప్పటికి మాటాడియుందును).

ఇవిగాక పూర్వభూతము, పూర్వానంతరభూతము అనునవియు చేరి నిశ్చయార్థకమున కాలములు పది. వానిలో పూర్వభూతము నేటి వాడుకలో మిక్కిలి అరుదు. అకాడమీ వాడు పేళ్లు వేఱు. ‘అసంపూర్ణ భూతము’, ‘సంపూర్ణ భూతము’ మొదలగునవి. స్పానిష్ అకాడమీల సంఘముతో కలసి 2009 లో రాజ అకాడమీ ప్రకటింప నారంభించిన నూతన వ్యాకరణమున బెయొ పేళ్లును స్థానము పొందినవి. మధ్యమశ్రేణి విద్యార్థికి బెయొ పేళ్లే ఉపకరించునని మా యభిప్రాయము. ‘అసంపూర్ణము’ అనిన విద్యార్థి పని ముగిసినదా లేదా యని వెదకును. ‘సహభూతము’ అనిన దేనితో సహముగ జరిగినదని ప్రశ్నించుకొనును. రెండవ ప్రశ్నయే సరియైన ప్రశ్న.

భూతము, సహభూతము

‘నేను వచ్చునప్పటికి వాన కురియుచుండెను’ అను వాక్యము స్పానిష్‌లో ‘క్వాందొ యెగే, యొబీఅ’ యగును. వచ్చుట యొక సంఘటన, అది భూతము. వాన ఆ సంఘటనకు వెనుక పఱచిన తెర వంటిది, అది సహభూతము. ఇంతవరకు తెలుగు విద్యార్థికి చిక్కులేదు. ‘కురిసెను’, ‘కురియుచుండెను’ అను భేదము మనకు సహజము. ‘ప్రతిదినము నదికి పోయెడివాడు’ అని అలవాటును తెలుపు రూపము మనకు వేఱుగా కలదు. స్పానిష్‌లో దీనికిని సహభూతమే. తెలుగున రెండైన ‘పోవుచుండెను, పోయెడివాడు’ అనునవి స్పానిష్‌లో ‘ఈబ’ అను నొక్క రూపమున నిముడును. రెంటిని ఒకటిగా చేయుట సులభము గాన ఇచ్చట తప్పులు తక్కువ.

తప్పులు పుట్టునది వేఱొక చోట. పని దీర్ఘకాలము జరిగినచో సహభూతము, స్వల్పకాలము జరిగినచో భూతము అని కొందఱు నేర్పుదురు. ఇది సరికాదు. బెయొ లండనులో పందొమ్మిదేండ్లుండెను. ఈ సంగతిని చెప్పవలసినప్పుడు ‘బిబ్యో’ అని భూతరూపమునే వాడవలెను. కాలపరిమితి పందొమ్మిదేండ్లయినను వక్త దానిని ఆద్యంతములతో కూడ నొక్కటిగా చూచుచున్నాడు. అదే బెయొ, లండనులో నున్నప్పుడు, 1826 లో ఒక పత్రికను ప్రకటింప నారంభించెను. ఈ వాక్యమున ‘ఉన్నప్పుడు’ అనుటకు ‘బిబీఅ’ యని సహభూతము, ‘ప్రకటింప నారంభించెను’ అనుటకు భూతము. ఉనికి యొకటే, మనుష్యు డొకడే, ఏండ్లవియే. మారినది చూపు మాత్రమే. మొదటి వాక్యమున ఆ పందొమ్మిదేండ్లను వెలుపలనుండి చూచితిమి. రెండవదానిలో వాని నడుమ నిలిచి చూచితిమి. ఈ జంటవాక్యములను విద్యార్థి గ్రహించినచో నిడివిని గూర్చిన భ్రాంతి తొలగును.

ఇక స్థితివాచక ధాతువులను చూతము. ‘ఎరుగుట’ అను అర్థముగల సబేర్ ధాతువునకు సహభూతము ‘సబీఅ’, భూతము ‘సూపె’. ఆంగ్లమున ఈ ధాతువున కొక్కటే భూతరూపము. అందుచేత ఆంగ్లగ్రంథములు ‘ఈ ధాతువునకు భూతమున అర్థము మారును’ అని యొక ప్రత్యేకనియమమును వ్రాసి, అట్టి ధాతువులకు పట్టిక నిచ్చును. విద్యార్థి దానిని కంఠస్థము చేయును. మేమును చేసితిమి. అయినను మొదటి దినములలో ఒక మిత్రునకు వ్రాసిన జాబున ‘ఈ సంగతి నిన్న నాకు తెలిసినది’ అని వ్రాయదలచి ‘సబీఅ’ యనియే వ్రాసితిమి. తెలియుటకు సబేర్, సబేర్‌నకు ఆంగ్లము, ఆంగ్లమునుండి మరల స్పానిష్ అని మూడు మలుపులు తిరుగుటచేత నేర్చిన నియమము దారిలో జారిపోయినది.

తెలుగును సూటిగా చూచినచో నియమముతో పనిలేదు. ‘ఈ సంగతి నాకు అప్పటికే తెలియును’ అని యందుము. ‘ఈ సంగతి నాకు నిన్న తెలిసినది’ అని యందుము. మొదటిది స్థితి, రెండవది సంఘటన. మొదటి వాక్యమున గడచిన సమయమును గూర్చి చెప్పుచుండియు ‘తెలియును’ అని తద్ధర్మరూపమును వాడుట గమనింపదగినది. కాలనియమము లేక స్వభావమును, స్థితిని తెలుపుట తద్ధర్మమునకు సహజము. కనుక ‘తెలియును’ అను తావున సబీఅ, ‘తెలిసినది’ అను తావున సూపె. ఇట్లే ‘అతనిని ఎరుగుదును’ అను స్థితి గతమునకు చెందినచో కొనొసీఅ, ‘అతనితో పరిచయమైనది’ అనిన కొనొసీ. చేయు శక్తి యుండెననిన పొదీఅ, చేయగలిగెననిన పూదొ. ఇష్టము లేకుండెననిన ‘నో కెరీఅ’, ఒప్పుకొనక నిరాకరించెననిన ‘నో కీసొ’. పట్టికలో అర్థము మారిన ధాతువులుగా చూపబడినవన్నియు నిజమునకు అర్థము మారనివే. స్థితి యొక క్షణమున ఆరంభమైనచో అది సంఘటన యగును. భూతరూపము ఆ క్షణమును చూపును. ఈ తర్కము తెలుగువానికి పుట్టుకతో వచ్చినది.

నిషేధవాక్యములలో మాత్రము జాగరూకత వలయును. ‘చేయలేదు’ అను మన రూపము ‘నిన్న చేయలేదు’, ‘ఇంకను చేయలేదు’ అను రెండు తావులను నిర్వహించును. స్పానిష్‌లో మొదటిది భూతము. రెండవదానికి స్పెయిన్ వాడుకలో పూర్వవర్తమానము. కావున నిషేధవాక్యమును స్పానిష్‌లోనికి మార్చుటకు ముందు దానిని విధివాక్యముగ తలంచి చూచుకొనుట మేలు.

ఉనికిని తెలుపు రెండు ధాతువులు

కాలమునకు సంబంధింపకున్నను, పై తర్కమునకే చెందిన మఱియొక అంశము సేర్, ఎస్తార్ అను ధాతువుల భేదము. ఆంగ్లమున రెంటికి నొకే ధాతువు. ‘శాశ్వతమైనదానికి సేర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్’ అను సూత్రము బహుప్రచారమున నున్నది, అది నిలువదు. నగరము చోటు మారదు, అయినను ‘నగరము నదీతీరమున నున్నది’ అనుటకు ఎస్తార్ ధాతువే వలయును. మరణము తాత్కాలికము కాదు, అయినను ‘మృతుడై యున్నాడు’ అనుటకు ఎస్తార్ ధాతువే.

తెలుగున ‘అతడు ఉపాధ్యాయుడు’ అను వాక్యమున క్రియ లేదు. ‘అతడు ఇంట నున్నాడు’ అను వాక్యమున ‘ఉన్నాడు’ అను క్రియ కలదు. మొదటిది స్పానిష్‌లో ‘ఎస్ ప్రొఫెసోర్’, రెండవది ‘ఎస్తా ఎన్ కాస’. క్రియలేని తెలుగు వాక్యమునకు సేర్, ఉండు ధాతువు వచ్చు వాక్యమునకు ఎస్తార్ అనుట చాల తావులలో చెల్లును. ‘మంచు చల్లనిది’ అనిన సేర్. ‘చారు చల్లగా నున్నది’ అనిన ఎస్తార్. ఈ పోలిక సర్వత్ర చెల్లదు. ‘సభ గ్రంథాలయమున జరుగును’ అను అర్థమున స్థలము చెప్పినను సేర్ ధాతువే వచ్చును. ‘ఆమె అందముగా నున్నది’ అని మనము సహజసౌందర్యమును గూర్చియు పలుకుదుము; అచ్చట స్పానిష్‌లో సేర్. ఇట్టి అపవాదములను వేఱుగ చూపినచో పై పోలిక ఆంగ్లసూత్రముకంటె నమ్మదగినది.

ఇట్టిదే ‘నాకు నచ్చును’ అను వాక్యనిర్మాణము. ‘నాకు పుస్తకము నచ్చినది, నాకు పుస్తకములు నచ్చినవి’ అని మనము క్రియను వస్తువుతో అన్వయింతుము, అనుభవించువాడు చతుర్థియందుండును. స్పానిష్‌లో ‘మె గూస్త ఎల్ లీబ్రొ, మె గూస్తన్ లొస్ లీబ్రొస్’ అనునవి యథాతథముగ నిట్టివే. ఆంగ్లము ద్వారమున వచ్చినవానికి ఇది తలక్రిందులైన వాక్యము. తెలుగువాని కిది తన వాక్యమే.

భవిష్యత్తు, ఊహ

స్పానిష్ భవిష్యద్రూపము పుట్టుకలో సమాసము. లాటిన్ భాషలో తుమున్నంతరూపమునకు ‘కలిగియుండు’ ధాతువును చేర్చి ‘చేయవలసియున్నాను’ అని చెప్పుట వాడుకయై, ఆ రెండును కలసి యొక్క పదమైనవి. అబేర్ ధాతువునకు వర్తమానరూపములు ఏ, ఆస్, ఆ, ఏమొస్, అబేఇస్, ఆన్. అబ్లార్ అను రూపమునకు వీనిని చేర్పగా అబ్లరే, అబ్లరాస్, అబ్లరా, అబ్లరేమొస్, అబ్లరేఇస్, అబ్లరాన్ ఏర్పడును. అబేఇస్ నందు తొలిభాగము లోపించును. ఆ ధాతువునకే సహభూతరూపమైన ‘అబీఅ’ యొక్క తుదిభాగమును చేర్పగా అబ్లరీఅ యను అనంతరభూతము వచ్చును. ‘చేయుచు’ అను రూపమునకు ‘ఉన్నాడు’ చేరి ‘చేయుచున్నాడు’ అయిన తెలుగు రీతి తెలిసినవారికి ఇందు వింత లేదు. ఈ పుట్టుకను చెప్పినచో రెండు కాలములకు ప్రత్యయములను విడివిడిగా వల్లింపవలసిన పని తప్పును.

భవిష్యద్రూపము ఊహను కూడ తెలుపును. ‘సెరాన్ లస్ త్రేస్’ అనగా ‘ఇప్పుడు మూడు గంటలై యుండును’ అని యర్థము. రూపము భవిష్యత్తు, అర్థము వర్తమానమును గూర్చిన ఊహ. గడచినదానిని గూర్చి ఊహించినచో అనంతరభూతము: ‘సెరీఅన్ లస్ త్రేస్’, ‘అప్పుడు మూడు గంటలై యుండును’. తెలుగున ‘అతడు ఈ వేళ ఇంటనే యుండును’ అనునప్పుడు ‘ఉండును’ అను రూపము రేపటిని గాక నేటిని గూర్చిన ఊహను తెలుపుచున్నది. నిశ్చయింపరాని వర్తమానమును భవిష్యద్రూపమున చెప్పుట రెండు భాషలకు సమానధర్మము. కనుక ఈ ప్రయోగమును విశేషాంశముగా గాక పరిచితాంశముగా బోధింపవచ్చును.

పూర్వవర్తమానము

‘ఏ అబ్లాదొ’ అను రూపమునకు తెలుగున ‘మాటాడియున్నాను’ అనునది సమీపము. కాని దీని వాడుక స్పానిష్ ప్రపంచమున నంతట నొక్క తీరున లేదు. ‘ఈ ఉదయమున అతనిని చూచితిని’ అనుటకు స్పెయిన్ దేశమున అధికభాగము పూర్వవర్తమానమును వాడును. ఈ దినము ఇంకను గడవలేదు గదా యని వారి దృష్టి. మెక్సికో మొదలగు అమెరికా దేశములలో పెక్కింట ‘బీ’ (చూచితిని) అని భూతరూపమునే వాడుదురు. ఒక దేశమున ముద్రితమైన పాఠ్యగ్రంథమును చదివి వేఱొక దేశపు వార్తాపత్రికను చూచిన విద్యార్థికి ఇది తప్పుగ తోచును. రెండును శిష్టవ్యవహారములే యని ఉపాధ్యాయుడు ముందుగ చెప్పవలెను.

తెలుగు తోడ్పడని తావు: సంభావనార్థకము

స్పానిష్ క్రియకు నిశ్చయార్థకముగాక మఱియొక అర్థకము కలదు. వక్త ఒక సంగతిని జరిగినదిగా, జరుగుచున్నదిగా నొక్కిచెప్పక, కోరినదిగా, సందేహించినదిగా, ఇంకను రానున్నదిగా మాత్రమే చెప్పునప్పుడు అది వచ్చును. దీనిని సంభావనార్థకమని పిలుతము. మధ్యమశ్రేణి పునశ్చరణమున సగము కాలమును దీనికి కేటాయింపవలెను; ఏలయన ఇచ్చట ఆంగ్లమును, తెలుగును రెండును మనల విడిచిపెట్టును.

కోరికను తెలుపునప్పుడు చిక్కు స్వల్పము. ‘నీవు రావలెనని కోరుచున్నాను’ అను వాక్యమున ‘రావలెను’ అను రూపము ‘వచ్చును’ అనుదానికంటె భిన్నముగ నున్నది. స్పానిష్‌లో ‘క్యేరొ కె బేంగస్’. కాని ‘అతడు వచ్చునని తలంతును’, ‘అతడు వచ్చునని తలంపను’ అను వాక్యములలో తెలుగున ‘వచ్చునని’ యను భాగము మారదు. స్పానిష్‌లో మొదటిది ‘క్రేఒ కె బ్యేనె’, రెండవది ‘నో క్రేఒ కె బేంగ’. తలంపను అనినంతనే వచ్చుటను వక్త నొక్కిచెప్పుట మానినాడు. కావున క్రియ అర్థకము మారినది.

ఇంతకంటె సూక్ష్మమైనది విశేషణవాక్యము. ‘కాలములను వివరించు పుస్తకమునకై వెదకుచున్నాను’ అను తెలుగు వాక్యమునకు రెండర్థములు కలవు. అట్టి పుస్తకము నా యొద్ద నుండెను, అది కనబడుట లేదని యొక యర్థము. అట్టిది ఏదైనను ఉన్నచో కావలెనని మఱియొక యర్థము. మన ‘వివరించు’ అను రూపము రెంటికి సమానము. స్పానిష్‌లో మొదటి యర్థమున ‘ఎక్స్‌ప్లీక’, రెండవ యర్థమున ‘ఎక్స్‌ప్లీకె’. ఒక్క అచ్చు మార్పుచేత ఆ పుస్తకము ఉన్నదో లేదో తెలియకున్నదో వినువానికి తెలిసిపోవును.

తెలుగు విద్యార్థిని అన్నింటికంటె నెక్కువగా మోసగించునది ‘వచ్చినప్పుడు’ అను రూపము. ‘అతడు వచ్చినప్పుడు చెప్పితిని’, ‘అతడు వచ్చినప్పుడెల్ల చెప్పుచుందును’, ‘అతడు వచ్చినప్పుడు చెప్పెదను’ అను మూడు వాక్యములలో కాలమును నిర్ణయించునది చివరి క్రియయే. మొదటి భాగము నిశ్చలము. స్పానిష్‌లో నివి మూడు వేర్వేఱు రూపములు: గతమునకు ‘క్వాందొ బీనొ’, అలవాటునకు ‘క్వాందొ బ్యేనె’, రానున్నదానికి ‘క్వాందొ బేంగ’. మూడవదానిలో వచ్చుట యింకను జరుగలేదు గనుక సంభావనార్థకము వలయును. తెలుగువాడు ఈ మూడింటను ‘వచ్చిన’ అను భూతవిశేషణమునే విని ‘బీనొ’ అని వ్రాయుట కవకాశము కలదు. ఆంగ్లము ననుసరించినవాడు ‘బ్యేనె’ అని వ్రాయును. రెండును తప్పులే. ఇచ్చట తెలుగువాక్యమును తుదినుండి మొదటికి చదువుట నేర్పవలెను. ప్రధానక్రియ భవిష్యత్తునకు చెందినదా యని మొదట విచారించి, పిదప ఉపవాక్యక్రియను నిర్ణయింపవలెను.

చేదర్థకవాక్యములు మూడు మెట్లుగా నున్నవి. సమయమున్నచో పోవుదును: ‘సి తేంగొ త్యేంపొ, ఇరే’. ఇప్పుడు సమయము లేదు. ఉన్నచో పోయెడివాడను: ‘సి తుబ్యేర త్యేంపొ, ఇరీఅ’. అప్పుడు సమయము లేకపోయినది. ఉండియున్నచో పోయియుండెడివాడను: ‘సి ఉబ్యేర తెనీదొ త్యేంపొ, అబ్రీఅ ఈదొ’. మొదటి మెట్టున ‘సి’ (చో) అనుదానితో నిశ్చయార్థక వర్తమానము. సంభావనార్థక వర్తమానము అచ్చట రాదు. రెండవ మెట్టున సంభావనార్థక భూతము. రెండవ మెట్టున తెలుగు ‘పోయెడివాడను’ అని పలుకును. అలవాటును తెలుపుటకును ఇదే రూపము గదా. అందుచేత అలవాటునకు వాడు ‘ఈబ’ యను సహభూతమును ఇచ్చట వాడుట మనవారికి సహజమైన పొరపాటు. స్పానిష్ వారును సంభాషణలో నట్లు పలుకుట కలదు. శిష్టరచనలో మాత్రము ‘ఇరీఅ’ యనియే వ్రాయవలెను.

రూపముల పునశ్చరణమునకు మూడు కుంచికలు

ఎన్నుకొనుటయే ప్రధానమని చెప్పినంత మాత్రమున రూపములను ఉపేక్షింపుమని కాదు. వానిని తక్కువ శ్రమతో నిలుపుకొను మార్గములు కలవు. మొదటిది: సహభూతమున నియమము దప్పిన ధాతువులు మూడే, సేర్ (ఏర), ఇర్ (ఈబ), బేర్ (బెఈఅ). తక్కినవన్నియు నియమబద్ధములు. రెండవది: భవిష్యత్తున మారు మూలధాతువులు పండ్రెండు, తెనేర్‌నకు తెంద్రే, సబేర్‌నకు సబ్రే మొదలగునవి. అనంతరభూతమున సరిగ ఆ ధాతువులే, ఆ మార్పులతోనే వచ్చును. మూడవది: సంభావనార్థక భూతము ఎల్లప్పుడును భూతకాల ప్రథమపురుష బహువచనమునుండి పుట్టును. అబ్లారొన్ నుండి అబ్లార, తుబ్యేరొన్ నుండి తుబ్యేర, ఫ్వేరొన్ నుండి ఫ్వేర. దీనికి అపవాదము లేదు. కనుక భూతరూపములు వచ్చినవానికి సంభావనార్థక భూతము వచ్చినట్లే. ఆ కాలమునకే ‘సె’ అంతమందు గల రెండవ రూపము కలదు. రెండును లాటిన్ పూర్వభూతమునకు చెందిన భిన్నార్థకములనుండి వచ్చినవి. సంభావనార్థక భవిష్యత్తు నేడు న్యాయశాసనభాషకు, సామెతలకు పరిమితమైనది. మధ్యమశ్రేణి విద్యార్థి దానిని గుర్తింపగలిగిన చాలును.

ముగింపు

పై విచారమునుబట్టి పునశ్చరణమునకు క్రమ మిట్లేర్పడుచున్నది. తెలుగును స్పానిష్‌ను సమానముగ విడదీయు భేదములను మొదట తీసికొని, తెలుగు వాక్యములనుండియే వానిని చూపవలెను: తెలియును, తెలిసినది, చల్లనిది, చల్లగా నున్నది, ఇంట నుండును, నాకు నచ్చినవి. వీనికి రెండుమూడు పాఠములు చాలును. మిగిలిన కాలమంతయు తెలుగు కలిపివేయు తావులకు, అనగా ‘వచ్చినప్పుడు’, ‘వివరించు’, ‘వచ్చునని’, ‘పోయెడివాడను’ అను నాలుగింటికి వినియోగింపవలెను. ప్రతి వాక్యమునకు విద్యార్థి రెండు ప్రశ్నలు వేసికొనవలెను. నేను క్రియను వెలుపలనుండి చూచుచున్నానా, లోపల నిలిచి చూచుచున్నానా? ఈ సంగతిని నేను నొక్కిచెప్పుచున్నానా, ఊరక తలంచుచున్నానా? మొదటి ప్రశ్న భూతసహభూతములను, రెండవ ప్రశ్న అర్థకమును నిర్ణయించును.

తెలుగు శాఖవారికి ఇందు ప్రయోజన మేమని యెవరైన నడుగవచ్చును. ‘తెలియును’ అను తద్ధర్మరూపము గతస్థితిని ఏల తెలుపుచున్నది, ‘పోయెడివాడను’ అనునది అలవాటునకును జరుగని పనికిని ఏల సమానమైనది, ‘వచ్చినప్పుడు’ అను భూతవిశేషణము భవిష్యత్తున ఏల ఒదుగుచున్నది అను ప్రశ్నలు తెలుగు వ్యాకరణమునకు చెందినవే. పరభాషాబోధనమున విద్యార్థి చేయు తప్పు మన క్రియాస్వరూపమున మనము చూడక విడిచిన మూలలను వెలుగులోనికి తెచ్చుచున్నది. మన పరిశోధకవిద్యార్థులు అట్టి తప్పులను దిద్దివైచుటతో తృప్తిపడక, జాగ్రత్తగ సేకరించి పరిశీలించినచో స్పానిష్ బోధనమునకును తెలుగు వ్యాకరణమునకును ఏకకాలమున మేలు కలుగును.